మిరప మంటే మందు: క్యాప్సైసిన్ క్రీము వాడే పద్ధతి

మిరపకాయ కారమంతా గింజల్లోనే ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాయను నిలువునా చీల్చి చూడండి, గింజలు అతుక్కుని ఉన్న తెల్లటి మెత్తటి పొర కనిపిస్తుంది. కారాన్ని పుట్టించే పదార్థమైన క్యాప్సైసిన్ తయారయ్యేది అందులో. గింజలకు అంటేదీ అక్కడినుంచే. ఇది నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. గుంటూరు మిర్చికి తొడిమలు తీసిన చేతులను ఒట్టి నీళ్లతో ఎంత కడిగినా మంట వదలనిది ఇందుకే. ముందు వంటనూనె రుద్ది, ఆపైన సబ్బుతో కడగాలి.

నరాల చివర్లలో టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం, అంటే వేడిని పసిగట్టే ప్రోటీన్, ఉంటుంది. సుమారు 43 డిగ్రీల వేడికి అది తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ తగిలినా అంతే, కాబట్టి చర్మం కాలకుండానే కాలినట్టు అనిపిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో కనుక్కున్న అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ 2021 వైద్య నోబెల్‌ను మరొకరితో పంచుకున్నారు. ఇక మందు సంగతి: క్యాప్సైసిన్ మళ్లీ మళ్లీ తగిలితే ఆ నరాల చివరలు మొద్దుబారి, నొప్పిని మోసుకెళ్లడం తగ్గిస్తాయి.

మోకాళ్ల అరుగుదల నొప్పికి 0.025 శాతం క్రీము వాడతారు. అక్కి మానాక మిగిలిపోయే నరాల నొప్పికి, షుగర్ వల్ల వచ్చే అరికాళ్ల మంటలకు 0.075 శాతం. బఠాణీ గింజంత తీసుకుని, రోజుకు 3–4 సార్లు, కనీసం 4 గంటల ఎడంతో రాయాలి. గుణం తెలియడానికి 2–4 వారాలు పడుతుంది. చాలామంది మొదటి వారం మంటకే మానేస్తారు, లేదా జండూబామ్‌లా నొప్పి వచ్చినప్పుడే రాస్తారు. అలా వాడితే నరం మొద్దుబారదు, మంట ఒక్కటే మిగులుతుంది.

రాసే ముందుగానీ తర్వాతగానీ వేడినీళ్ల స్నానం వద్దు. హీటింగ్ ప్యాడ్, బిగుతు కట్టు కూడా వద్దు. రాశాక చేతులు సబ్బుతో కడగాలి, కళ్లను అస్సలు ముట్టకూడదు. వేళ్ల కీళ్లకే రాస్తే అరగంట ఆగి కడగండి. పుండు, పగుళ్లు ఉన్నచోట రాయకూడదు. షుగర్ ఉన్నవాళ్లు ముందుగా పాదాలు పరీక్షించుకోవాలి. బొబ్బలు వస్తే వెంటనే ఆపేసి డాక్టర్‌కు చూపించాలి.

8 శాతం పట్టీ కూడా ఉంది. దాన్ని ఆసుపత్రిలోనే, నైట్రైల్ గ్లౌజులతో వేస్తారు, ఎందుకంటే లేటెక్స్ గ్లౌజులు క్యాప్సైసిన్‌ను సరిగా ఆపలేవు. పాదాలకైతే 30 నిమిషాలు, అక్కి నొప్పికి 60 నిమిషాలు ఉంచి తీసేస్తారు. మళ్లీ వేయాలంటే కనీసం 3 నెలలు ఆగాలి.

కారప్పొడిని నూనెలో కలిపి ఇంట్లోనే పూత చేసుకోవద్దు. తేజ, బ్యాడిగి మిరప రకాలకు ఘాటులో ఎంతో తేడా, ఏ పొడిలో క్యాప్సైసిన్ ఎంతుందో చెప్పలేం. చర్మం పొక్కిపోతుంది.