సిరిమాను ఫోటో తియ్యాలంటే స్క్రీన్ కాదు, ఆ చిన్న కన్నమే కావాలి

చిన్న డిజిటల్ కెమెరా కొనేవాళ్ళు మెగాపిక్సెల్స్ ఎన్ని, జూమ్ ఎంత అని అడుగుతారు గానీ కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ ఉందా అని ఎవరూ అడగరు. మా విజయనగరంలో అయితే ముందు అడగాల్సింది అదే. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం మధ్యాహ్నం, పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవంలో, మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడితే ఎందుకో తెలుస్తాది. సిరిమాను అనే పొడవాటి మాను చివర అంతెత్తున పూజారి గారు ఊగుతూ వస్తుంటారు, కింద నుంచి జనం అరటిపళ్ళు విసురుతుంటారు, ఎండ ఎదురుగా కొడతాది, అప్పుడు కెమెరా వెనక ఎల్‌సీడీ స్క్రీన్‌లో కనిపించేది మన మొహం, వేలిముద్రలు, అంతే. చేతులు చాపి పట్టుకున్నామా, వెనక నుంచి ఒక్క తోపుకి ఫ్రేమ్ ఎక్కడికో పోద్ది. అదే కెమెరా నుదుటికి ఆన్చి మోచేతులు డొక్కలకి నొక్కుకుంటే ఎంత తోసినా కొంచెం నిలబడతాది, పైగా అద్దంలోంచి నేరుగా చూస్తాం కాబట్టి విసిరిన పండు గాల్లో ఉండగానే కనిపిస్తాది, పాత కెమెరాల స్క్రీన్‌లో అయితే అదంతా కాస్త లేటు. సిరిమాను కోట దాకా మూడుసార్లు వెళ్ళొస్తాది కదా, స్క్రీన్ ఆపేసుకుంటే పెన్సిల్ సెల్స్ కూడా చివరి దాకా వస్తాయి.

అలాగని ఆ కన్నం చూపించిందంతా నిజం కాదు. లెన్స్ ఒకచోట, కన్నం దానికి కాస్త పైన, దూరంలో ఉన్నవాటికి పర్లేదు గానీ దగ్గరకెళ్తే రెండూ వేరు వేరు చూస్తాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస చెక్కతో వీణలు చేస్తారు కదా, మైనం మీద మెట్లు కూర్చే చెయ్యి క్లోజప్ తీద్దామని కన్నంలోంచి సరిగ్గా మధ్యలో పెడితే ఫోటోలో వేళ్ళు పైకి జరిగిపోయి సగం తెగుతాయి. అక్కడ స్క్రీన్ చూడాల్సిందే, వేరే దారి లేదు. ఇంకోటి, ఇలాంటి చాలా చిన్న కెమెరాల్లో కన్నంలో కనిపించేది ఫోటోలో వచ్చేదాంట్లో సుమారు 80 శాతమే, చుట్టూ ఇంకా పడతాది, అది తెలిసుంటే కొంచెం బిగించి ఫ్రేమ్ చేసుకోవచ్చు.

స్క్రీన్‌లు పెద్దవయ్యే కొద్దీ కెమెరా వెనకాల దీనికి చోటు లేకుండా పోయింది. 2008లో వచ్చిన కానన్ A590కి ఉంది, కానన్‌దే జీ సిరీస్‌లో 2013 నాటి జీ16 దాకా ఉంచారు, ఫ్యూజీ వాళ్ళు 2011లో ఎక్స్100లో అద్దం, స్క్రీన్ రెండూ ఒకే కన్నంలో పెట్టారు. నాకైతే అన్నిటికంటే తెలివైన పని అదే అనిపిస్తాది, కానీ దాని ధరకి మా పక్క ఎంతమంది కొంటారు.

సెకండ్ హ్యాండ్‌లో కానన్ పాత A సిరీస్ కెమెరా దొరికితే తీసుకోండి. కన్నంలో చూస్తూ జూమ్ తిప్పండి, లోపల బొమ్మ కూడా దగ్గరకి రావాలి. ఆకాశం వైపు పెట్టి చూస్తే బూజు ఉంటే తెలిసిపోద్ది, కళింగపట్నం, భీమిలి అలాంటి సముద్రం పక్క ఊళ్ళలో వాడిందైతే ఇంకా జాగ్రత్తగా చూడండి. సెల్స్ వేసే మూత గట్టిగా పడుతుందో లేదో కూడా.