క్యూ గార్డెన్స్‌లో ఎర్ర ఇటుకల ఇల్లు

లండన్‌లో క్యూ గార్డెన్స్ అనే పెద్ద వృక్షశాస్త్ర తోటకి వెళ్లినవాళ్లు ఎక్కువగా గాజు పామ్ హౌస్ దగ్గరే ఫొటోలతో ఫోన్ నింపేసుకుంటారు. నేను మాత్రం నేరుగా క్యూ ప్యాలెస్ వైపు నడిచాను. ప్యాలెస్ అన్నది పేరుకే. చూడ్డానికి బాగా కలిసొచ్చిన షావుకారు ఇల్లు, నిజానికి అదే కూడా. ఫ్లాండర్స్ (నేటి బెల్జియం ప్రాంతం) మూలాలున్న శామ్యూల్ ఫోర్ట్రీ అనే వర్తకుడు 1631లో కట్టించుకున్నాడు. అతనివీ, భార్య కేథరిన్‌వీ పొడి అక్షరాలు గుమ్మం పైన ఇప్పటికీ ఉన్నాయి. రాజకుటుంబం ఇక్కడికి వచ్చింది ఆ తర్వాత దాదాపు వందేళ్లకు.

ఆ ఎరుపు దూరం నుంచే కళ్లను లాగేస్తుంది. అంత ఎరుపు ఇటుకది కాదు, సున్నంలో ఎర్ర కావి కలిపి వేసిన పూతది. పాత పూత ఆనవాళ్లు దొరికితే, వాటిని బట్టి మరమ్మతుల్లో మళ్లీ వేశారు. 2006లో ఇల్లు తిరిగి తెరుచుకుంది. ఆ ఎరుపు కొంచెం ఎక్కువైందనే నా అభిప్రాయం, కానీ కట్టించినవాడి కాలపు ఆర్భాటం అదేనేమో!

గోడ దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. ప్రతి వరసలోనూ ఒక ఇటుక పొడవు వైపు, పక్కది పొట్టి వైపు కనిపించేలా పేర్చుకుంటూ పోయారు. పై వరసలో పొట్టి ముఖం కింది పొడుగు ఇటుక నడిమధ్యకు వస్తుంది. మన సివిల్ ఇంజినీరింగ్ పిల్లలు పరీక్షల కోసం గీసే ఫ్లెమిష్ బాండ్ ఇదే. ఇంగ్లండ్‌లో దీన్ని వాడిన తొలి ఇళ్లలో ఇదొకటి. కిటికీల చుట్టూ ఉన్న అలంకారం కూడా రాయి కాదు, ఇటుకే. పైన వంపులు తిరిగిన గేబుళ్ల (కప్పు చివర పైకి లేచిన గోడల) వల్లే దీనికి డచ్ హౌస్ అని పేరొచ్చింది.

లోపల కింది గదులకు బ్రిటన్ రాజు మూడో జార్జ్ కాలం నాటి హంగులు తెచ్చిపెట్టారు. ఆయన భార్య షార్లెట్ రాణి 1818లో పోయింది ఈ ఇంట్లోనే. నాకు నచ్చింది పై అంతస్తు. రాకుమార్తెల పడకగదులను ముస్తాబు చేయకుండా అలాగే వదిలేశారు. పాత చెక్క, పాత గార నేరుగా కనిపిస్తాయి, ఇల్లు ఎలా కట్టారో అక్కడే తెలుస్తుంది.

పక్కనున్న రాజుగారి వంటశాల కూడా వదలకండి. నౌకర్లు వేడినీళ్లు మోసుకురానక్కర్లేకుండా జార్జ్ అక్కడికే వెళ్లి స్నానం చేసేవాడట. రెండింటికీ గార్డెన్స్ టికెట్ సరిపోతుంది. చలికాలంలో మాత్రం ప్యాలెస్ మూసేస్తారు.