కరోనా పైసలు కౌలు రైతుకు అందలే

2020 ఏప్రిల్‌ల మా తెలంగాణల పరకాల దిక్కు యాసంగి వరి కోతకొచ్చింది, అప్పుడే లాక్‌డౌన్, హార్వెస్టర్లు దొర్కుతయో లేదో అని అందరు పరేషాన్‌ల ఉన్నరు, గప్పుడే కేంద్రం రైతులకిచ్చే పీఎం కిసాన్ 2000 ఖాతాల పడ్డయ్. తెల్ల కార్డోళ్లకు రాష్ట్రం మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 ఇచ్చింది. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడోళ్లకు నెలకు 500, మూడు నెలలు. జూన్‌ల రాష్ట్రం పంట పెట్టుబడికిచ్చే రైతుబంధు ఎకరానికి 5000 వచ్చింది, అది కరోనాకని పెట్టింది కాదు, 2018లనే మొదలైంది, కానీ ఆ యేడు విత్తనాలకు, ఎరువులకు అదే ఆసరా అయింది.

ఇదంతా మంచిగనే ఉంది. నా బాధంతా కౌలు రైతుల గురించి. మా ఇంటెన్క కాక ఒకాయన నాలుగెకరాలు కౌలుకు పట్టి పత్తి, మిర్చి ఏస్తడు, భూమి పాస్‌బుక్ ఏమో హైదరాబాద్‌ల ఉండే పట్టాదారు పేరు మీద ఉంది, గందుకే రైతుబంధు ఆ పట్టాదారుకే పడ్డది, పీఎం కిసాన్ కూడ భూమి పేరు మీదున్నోళ్లకే. ఇగ కాక, చిన్నమ్మ ఇద్దరు ఎర్రటెండల మూతికి టవల్ కట్టుకొని బ్యాంకు ముంగట ముగ్గుతోని గీసిన గుండ్రాలల్ల నిలబడ్డరు, ఆ 500 కోసం. "బిడ్డా, దీంతోని పురుగుల మందు డబ్బా కూడ రాదు" అన్నడు కాక.

కౌలుదార్లకు గుర్తింపు కార్డులియ్యాలని 2011లనే చట్టం వచ్చింది, కాక చేతికి మాత్రం ఆ కార్డు రాలే. గ్రామసభ పెట్టి సాగు చేసేటోళ్ల పేర్లు రాస్కోవాలె, ఎవరి చేను ఎవరు దున్నుతున్నరో ఊరందరికి ఎర్కే.