చానల్ మాయమైంది, జీవో మాత్రం లేదు

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వం మారిందంటే రెండు పనులు జరగాల్సిందే. పథకాల పేర్లు మారతాయి, కేబుల్లో ఏదో ఒక న్యూస్ చానల్ రావడం మానేస్తుంది. పేర్ల మార్పు మీద బోలెడు చర్చ జరుగుతుంది. చానల్ సంగతికొచ్చేసరికి, పోయింది మన పార్టీదైతే ప్రజాస్వామ్యం ఖూనీ అయిపోయిందని గగ్గోలు పెడతాం, అవతలి వాళ్లదైతే తిక్క కుదిరిందని నవ్వుకుని సీరియల్ పెట్టుకుంటాం.

వరసగా చెప్తాను, చూడండి. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడి రెండు వారాలు తిరిగేసరికే టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి అక్కడి కేబుల్లో ఆగిపోయాయి. టీవీ9 కొత్త ఎమ్మెల్యేల మీద వేసిన వెటకారం కార్యక్రమం అసలు కారణం, అందులో మాటలు నిజంగానే చాలామందికి మంట పుట్టించాయి. ఆపింది మేం కాదు, కేబుల్ వాళ్లు వాళ్లంతట వాళ్లే ఆపారని ప్రభుత్వం అంది. ఆ సెప్టెంబర్‌లో వరంగల్ సభలో ముఖ్యమంత్రి కేసీఆర్, తెలంగాణను కించపరిస్తే పది కిలోమీటర్ల లోతున పాతిపెడతామన్నారు, అది ప్రెస్ కౌన్సిల్ దాకా వెళ్లింది. 2016 జూన్‌లో కాపు నేత ముద్రగడ దీక్ష నడుస్తున్నప్పుడు ఆంధ్రాలో సాక్షి టీవీ ఆగింది, అప్పుడు చంద్రబాబు ప్రభుత్వం. 2019లో జగన్ వచ్చాక ఏబీఎన్, టీవీ5 వంతు, ప్రభుత్వ సంస్థే అయిన ఏపీ ఫైబర్‌నెట్‌లో కూడా రాలేదు, టీడీశాట్ అనే ఢిల్లీ ట్రిబ్యునల్ ఆదేశించాల్సి వచ్చింది. 2024 జూన్‌లో చంద్రబాబు కూటమి గెలిచింది, ఈసారి టీవీ9, సాక్షి, ఎన్టీవీ పోయాయి. మాకేం సంబంధం అని టీడీపీ అంది. టీవీ9 సంగతి ఢిల్లీ హైకోర్టుకెళ్తే, పునరుద్ధరించమని అది కేబుల్ సంస్థలను ఆదేశించింది.

పదేళ్లలో మూడు పార్టీలు. 2014లో తెలంగాణలో బాధితురాలైన టీవీ9 పదేళ్ల తర్వాత ఆంధ్రాలో అవతలి జట్టు ఖాతాలో బాధితురాలైంది, ఇంతకంటే ఏం చెప్పాలి.

వీటిలో ఏ ఒక్కదానికీ జీవో లేదు, నన్ను గుచ్చేది అదే. చట్టంలో దారి లేక కాదు. 1995 కేబుల్ టీవీ చట్టంలో 19వ సెక్షన్ ఉంది, జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, పోలీస్ కమిషనర్ లాంటి అధికారి ఏదైనా కార్యక్రమం మతాల మధ్యో కులాల మధ్యో చిచ్చు పెట్టేలా ఉందనుకుంటే ఆపమని ఆర్డర్ ఇవ్వొచ్చు. 20వ సెక్షన్ కింద కేంద్రం నిషేధించొచ్చు. కానీ ఆర్డర్ ఇస్తే కారణం రాయాలి, కింద సంతకం పెట్టాలి, మర్నాడు అది పట్టుకుని ఎవరైనా హైకోర్టుకెళ్తే జవాబు చెప్పుకోవాలి. ఇంత తలనొప్పి ఎందుకు, కేబుల్ వాళ్లకి ఒక ఫోన్ చేస్తే పోయేదానికి!

ఫోన్‌కి ఎందుకంత భయం అంటారా? ఎమ్మెస్వో, అంటే వీధి ఆపరేటర్ల పైనుండే పెద్ద కేబుల్ సంస్థ, దాని వ్యాపారం ఎలా నడుస్తుందో చూడండి. చానల్ వాడు ఉపగ్రహంలోకి పంపిన సిగ్నల్‌ని ఎమ్మెస్వో తన హెడ్ఎండ్‌లో (సిగ్నల్ అందుకునే కేంద్రంలో) పట్టుకుని, వైర్ల మీద వీధి ఆపరేటర్‌కి ఇస్తాడు, అతను మన ఇంటికి తెస్తాడు. ఆ వైరు దేని మీద వేలాడుతోంది? కరెంటు స్తంభం మీద. స్తంభం కరెంటు పంపిణీ సంస్థ డిస్కమ్‌ది, రోడ్డు మున్సిపాలిటీది, రెండింటి అనుమతులూ అద్దెలూ చాలాచోట్ల ఏళ్ల తరబడి ఒక కొలిక్కి రాకుండా ఉంటాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి మనుషులు చనిపోయాక, డిస్కమ్ వాళ్లు నగరమంతా స్తంభాల మీది వైర్లు కత్తిరించుకుంటూ పోయారు, అది భద్రత కోసమే, కాదనను, ఆ గొడవా హైకోర్టుకెళ్లింది. కానీ ఒక్క రోజులో ఎన్ని ఇళ్లకి నెట్టూ టీవీ పోయాయో చూసిన ఏ కేబుల్ యజమాని అయినా ఎమ్మెల్యే ఫోన్ చేసి "ఆ చానల్ సంగతి కొంచెం చూడండి" అంటే ఎదురు చెప్తాడా? చానళ్లన్నీ మోసుకెళ్లే మనిషి మెడ ఎప్పుడూ ప్రభుత్వం చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది.

నియమాలు మాత్రం బంగారంలా ఉన్నాయి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన ఇంటర్‌కనెక్షన్ నిబంధనల (చానళ్లకీ కేబుల్ సంస్థలకీ మధ్య నియమాల) ప్రకారం, ఒక చానల్ని ఆపాలంటే మూడు వారాల ముందు కారణం చెప్పి నోటీసివ్వాలి. నోటీసు సంగతి దేవుడెరుగు, మా వీధి ఆపరేటర్‌ని అడిగితే "సిగ్నల్ ప్రాబ్లం సార్, పైనుంచే రావట్లేదు" అన్నాడు. ఆ పక్క నంబరు చానల్ తళతళలాడుతోంది. అతన్ని తిట్టి ప్రయోజనం లేదు, నెలకి మూడొందల బిల్లు వసూలు చేసుకునే మనిషి రాజ్యాంగాన్ని ఏం కాపాడతాడు.

పాతకాలంలో ఇంకా గొప్పగా ఉండేదని నేననను. 1908లో విజయవాడ 'స్వరాజ్య' పత్రికలో రాసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుని జైల్లో పెట్టారు, 1948లో హైదరాబాద్‌లో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని రజాకార్లు నడివీధిలో చంపారు. దాంతో పోలిస్తే చానల్ రాకపోవడం ఒక లెక్కా అనొచ్చు. అయితే 1983 నాటి ఈనాడు గొడవ గుర్తు తెచ్చుకోండి. 'పెద్దల సభలో గలభా' అని శీర్షిక పెట్టినందుకు శాసన మండలికి కోపం వచ్చింది, సభా హక్కుల ఉల్లంఘన అంది, రామోజీరావుని సభకి పిలిపించి మందలించాలంది. ఆయన సుప్రీంకోర్టుకెళ్లి స్టే తెచ్చుకున్నారు. ఎటు పక్షమైనా వహించండి, అక్కడ పోట్లాడటానికి ఒక కాగితం ఉంది. ఫలానా వాళ్లు ఫలానా కారణంతో ఇది చేస్తున్నారని రాసి ఉంది. అరెస్టులకి కూడా కనీసం ఎఫ్ఐఆర్ ఉంటుంది. 2021 మేలో టీవీ5, ఏబీఎన్ మీద సీఐడీ రాజద్రోహం కేసు పెట్టింది, ఆ నెలాఖరుకే సుప్రీంకోర్టు బలవంతపు చర్యలొద్దని ఆపింది. 2025 జూన్‌లో అమరావతి గురించి ఒక అతిథి అన్న దిక్కుమాలిన మాటకి సాక్షి యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావుని అరెస్టు చేశారు, ఆ మాట ఆయన అనలేదు కదా అంటూ సుప్రీంకోర్టు నాలుగైదు రోజుల్లోనే వదలమంది. (ఆ మాట నాకు అసహ్యం అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. దానికి యాంకర్‌ని జైల్లో పెట్టడం వేరే సంగతి.) అదే ఏడాది మార్చిలో హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులని తెల్లవారుజామున ఎత్తుకెళ్లారు, ముఖ్యమంత్రి మీద ఒక రైతు తిట్ల వీడియో పెట్టినందుకు. అందులో బూతులున్నాయి, నిజమే. బూతుకి శిక్ష తెల్లవారుజామున పోలీసు జీపా?

ఈ కేసులన్నీ కోర్టుల్లో ఎంతో కొంత నిలదీయగలిగారు, కారణం కాగితమే. చానల్ ఆగినప్పుడు ఎవరి మీద వెళ్లాలి? ప్రభుత్వం నేను కాదంటుంది, ఎమ్మెస్వో సాంకేతిక కారణం అంటాడు, ఢిల్లీలో ట్రిబ్యునల్‌కి లాయర్ని పెట్టుకుని ఆర్డర్ తెచ్చేసరికి ఎన్నికల వేడో దీక్షో అయిపోయి ఉంటుంది. ఆపిన వాడికి కావలసింది కూడా ఆ కొన్ని వారాలే.

ఇప్పుడు కేబుల్ ఎవడు చూస్తాడు, అంతా యూట్యూబే కదా అని కుర్రాళ్లు అంటారు. మా ఊళ్లో అరవై దాటిన వాళ్లంతా చూస్తారు, ఓటు వేసేది కూడా ఎక్కువగా వాళ్లే. పైగా యూట్యూబ్‌లోకి పారిపోతే తప్పించుకున్నట్టేం కాదు. 2025 ఏప్రిల్ చివర్లో '4పీఎం' అనే హిందీ చానల్ని కేంద్రం ఆపించింది, ఎందుకో చానల్ యజమానికి చెప్పలేదు. ఇంటర్నెట్‌లో ఏదైనా ఆపించడానికి ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద కేంద్రం ఇచ్చే ఆదేశాలని రహస్యంగా ఉంచాలని 2009 నిబంధనల్లోనే రాసుంది మరి. ఆయన సుప్రీంకోర్టుకెళ్లాక రెండు వారాల్లో ఆదేశం వెనక్కి తీసుకున్నారు. అంటే ఇక్కడ కాగితం ఉంది కానీ మనకి చూపించరు, కేబుల్లో అసలు కాగితమే లేదు, ఏది నయమో మీరే చెప్పండి.

నాకు ఏ చానల్ మీదా ప్రేమ లేదు. సగం చానళ్లు పార్టీ ఆఫీసుల్లాగే ఉంటాయి, రాత్రి తొమ్మిదింటి చర్చ చూస్తే బీపీ పెరుగుతుంది. కానీ ఆ చెత్త చూడాలో వద్దో రిమోట్ పట్టుకున్న నేను తేల్చుకోవాలి. వచ్చే ఎన్నికల్లో మీ దగ్గరకి ఓటడగడానికి వచ్చిన వాళ్లని పత్రికా స్వేచ్ఛ గురించి అడక్కండి, అందరూ రెండు చేతులూ ఎత్తి జై కొడతారు. కేబుల్ వైర్లకి స్తంభాల అద్దె ఎంతో, అనుమతి ఎన్నాళ్లకో, ఏ కారణంతో రద్దు చేయొచ్చో రాతపూర్వకంగా ఖరారు చేసి, ఎమ్మెల్యే ఫోన్‌కి పనిలేకుండా చేస్తారా అని అడగండి. ఏ పార్టీ అయినా సరే, ముఖం ఎలా పెడతారో కామెంట్లో రాయండి.