చనిపోయిన విలన్ తిరిగొస్తే

నిన్న రాత్రి తమ్ముడితో కలిసి 'స్పైడర్ మ్యాన్: నో వే హోమ్' మళ్లీ చూశాను. 2004లో వచ్చిన పాత 'స్పైడర్ మ్యాన్ 2'లో విలన్ డాక్టర్ ఆక్టోపస్ తప్పు తెలుసుకుని, తన యంత్రాన్ని నదిలో ముంచి, దాంతోపాటే మునిగిపోతాడు. చిన్నప్పుడు ఆ సీన్‌కి ఏడ్చేశాను. అందుకే 2021లో 'నో వే హోమ్'లో ఆ పాత్ర వేసిన ఆల్‌ఫ్రెడ్ మోలీనా మళ్లీ వస్తున్నాడనగానే కోపమొచ్చింది. అంత మంచి ముగింపుని పాడుచేస్తారేమోనని టెన్షన్.

పాడుచేయలేదు. డాక్టర్‌ని చావుకి కాస్త ముందు నుంచే ఈ కథలోకి లాక్కొచ్చారు కాబట్టి ఆ చావు చెక్కుచెదరలేదు. మెడ వెనక, వీపుకున్న ఇనుప చేతుల్ని అదుపు చేసే చిప్ మార్చగానే అవి నెమ్మదించి, తలలో గోల ఆగి, ఆ ముఖం తేటపడుతుంది చూడండి, అక్కడ వెనక్కి తిప్పి రెండుసార్లు చూశాం.

కొత్తగా చెప్పేదుంటేనే విలన్‌ని తేవాలి. టికెట్ల కోసమైతే వద్దు, మా ఏడుపుకి విలువుండదు. పాత సినిమాల స్పైడర్ మ్యాన్ పీటర్ ఎదురుపడి, ఎంత పెద్దవాడయ్యాడో అని డాక్టర్ మురిసిపోతుంటే, తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.