ప్రాగ్ నుంచి బెర్లిన్‌కి, డైనింగ్ కార్‌లో

ప్రాగ్ నుంచి బెర్లిన్ వెళ్లే రైల్లో చెక్ వాళ్ల డైనింగ్ కార్ ఉంటుంది. సీసాలూ క్యాన్లూ కాదు, ట్యాప్ నుంచి గాజు మగ్గులోకి పట్టి ఇచ్చే పిల్స్‌నర్ ఉర్క్వెల్ దొరుకుతుందక్కడ. 1842లో ప్లజెన్ ఊళ్లో మొదటిసారి తయారైన బీరు అది. ఇవాళ ప్రపంచమంతా తాగే బంగారు రంగు లాగర్ బీరుకి మూలం అదే.

విజయవాడ నుంచి బాబాయి, పిన్ని బెర్లిన్‌లో నా దగ్గరికొచ్చినప్పుడు ప్రాగ్ చూపించి, ఆ రైల్లోనే వెనక్కి తీసుకొచ్చాను. డైనింగ్ కార్ అనగానే పిన్ని, "తాగేవాళ్ల మధ్యకి నేనెందుకురా, మీరిద్దరూ వెళ్లండి" అంది. ఆ భయం నాకు తెలుసు. మన దగ్గర 1989 రైల్వే చట్టం రైల్లో మత్తులో ఉండటాన్నే నేరంగా చూస్తుంది. అందుకని తాగేవాళ్లు కూల్‌డ్రింక్ సీసాలో కలిపి తెచ్చుకుని, తలుపు దగ్గర నిలబడి గబగబా తాగేస్తారు. రాత్రిపూట బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఆడవాళ్లు వాళ్లను దాటుకునే వెళ్లాలి. పిన్ని చూసింది అదే.

చాలాసేపు బతిమాలితే వచ్చింది. పక్క బల్ల దగ్గర ఓ ముసలి జంట భోంచేస్తున్నారు. ఆయన ముందు బీరు, ఆవిడ ముందు వైను. ఎదుటి బల్లమీద ఒకమ్మాయి లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటూ, మధ్యమధ్యలో ఒక్కో గుక్క తాగుతోంది. ఎవరూ గొంతు పెంచలేదు. బాబాయికి ష్నిట్జెల్ (పల్చటి మాంసం ముక్కకి రొట్టెపొడి అద్ది వేయించింది), అర లీటరు బీరు వచ్చాయి. పైన చిక్కటి నురగ, మీగడలా. పిన్ని కాఫీ తీసుకుంది.

కిటికీ అవతల వల్తావా నది. మ్యెల్నీక్ ఊరి దగ్గర అది ఎల్బా నదిలో కలుస్తుంది. ఊస్తీ అనే ఊరు దాటేటప్పుడు అవతలి గట్టున రాతిమీద స్త్రెకోవ్ కోట కనిపించింది. సరిహద్దు ఊరు ద్యెచీన్ తర్వాత లోయ ఇరుకైపోయి, నిటారు ఇసుకరాతి కొండలు మొదలయ్యాయి. పిన్ని కాఫీ చల్లారిపోయినా పట్టించుకోలేదు. బాబాయి బీరు జర్మనీలోని డ్రెస్డెన్ దాకా నడిచింది. అంత నింపాదిగా ఆయన తాగడం నేనెప్పుడూ చూడలేదు. దాచుకోవాల్సిన పని లేకపోతే తొందరా ఉండదని నాకప్పుడే అర్థమైంది.

యూరప్ అంతా ఇలాగే ఉంటుందనుకోకండి. ఆ వారాంతంలోనే జర్మనీలో ఒక ప్యాసింజర్ రైలెక్కితే, ఫుట్‌బాల్ అభిమానులు బీరు క్రేట్లతో సహా పెట్టెనిండా ఉన్నారు. పాటలు, కేకలు, నేలంతా జిగట. పిన్నికి మళ్లీ టెన్షన్ పట్టుకుంది. మేం వేరే పెట్టెలోకి మారాం. ఇలాంటి గొడవల వల్లే ఉత్తర జర్మనీలో మెట్రోనోమ్ అనే సంస్థ రైళ్లలో 2009 నుంచి మద్యం నిషేధించారు. స్కాట్లాండ్‌లో 2020లో కోవిడ్ సమయంలో స్కాట్‌రైల్ అనే రైలు సంస్థ కూడా తన రైళ్లలో మద్యం నిషేధించింది. పనులకి వెళ్లొచ్చేవాళ్లు, పసిపిల్లల తల్లులు ఎక్కే రైళ్లు కదా, ఆ నిషేధాలు నాకు సబబే అనిపిస్తాయి.

కానీ డైనింగ్ కార్లు మాత్రం పోకూడదు. యూరప్‌లో చాలా చోట్ల వాటిని తీసేసి చిన్న స్నాక్స్ కౌంటర్లు పెట్టేశారు. చెక్ వాళ్లు ఇంకా నిలబెట్టుకున్నారు. అటు వెళ్తే ప్రాగ్‌లో ఎక్కగానే వెళ్లి కుడివైపు బల్ల పట్టుకోండి. డ్రెస్డెన్ దాకా నది ఎక్కువగా అటువైపే ఉంటుంది. తాగనివాళ్లను కూడా తీసుకెళ్లండి.