కిటికీలు మూస్తే పీహెచ్ పడిపోయింది

విజయవాడ ఎండలు తెలుసుగా. మే నెలంతా తలుపులు బిగించి, ఏసీ వేసుకుని నలుగురం ఒకే గదిలో. ఆ మూలనే నా ఉప్పునీళ్ల అక్వేరియం. పొద్దున్నే చూస్తే పీహెచ్ 7.7. ఉండాల్సింది 8.1 నుంచి 8.4 మధ్య. టెన్షన్‌తో పీహెచ్ పెంచే బఫర్ పొడి వేసుకుంటూ పోయాను. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) 11 dKH దాటింది గానీ పీహెచ్ మళ్లీ మొదటికే.

చివరికి గ్లాసుడు తొట్టె నీళ్లు బాల్కనీలో పెట్టి, చిన్న ఎయిర్ పంపుతో గంటసేపు బుడగలు కొట్టించా. 8.1! నీళ్లు బాగానే ఉన్నాయన్నమాట. మేం వదిలిన కార్బన్ డయాక్సైడే గదిలో పేరుకుని, నీళ్లలో కరిగి కార్బానిక్ ఆమ్లం అవుతోంది.

కిటికీ తీద్దామంటే బయట 44 డిగ్రీలు. అందుకే స్కిమ్మర్ (బుడగలతో నీళ్లలోని మురికి లాగే పరికరం) గాలి పీల్చే పైపును కిటికీ సందులోంచి బయటికి లాగాను. నాలుగు రోజుల్లో 8.0కి వచ్చింది. రాత్రిళ్లు తొట్టె కిందుండే ఫిల్టర్ పెట్టె, అంటే సంప్‌లోని నాచుకి లైటు వేస్తున్నా, అదీ కొంత కార్బన్ డయాక్సైడ్ పీల్చేస్తుంది. లోపలికొచ్చే గాలిలోంచి ఆ వాయువుని పీల్చే సోడా లైమ్ డబ్బా పెట్టొచ్చు కానీ, రంగు మారినప్పుడల్లా కొత్తది కొనాలంటే జేబుకి చిల్లే.

"మనకి లేని బయటి గాలి చేపలకా?" అంది అమ్మ. ఇప్పుడు రాత్రి ఎనిమిది దాటగానే కిటికీలన్నీ తనే తీస్తోంది.